ఎయిడ్స్ పాఠంలో ప్రేవులకు చోటేది?

కొన్ని సంవత్సరాల క్రిందట గోదావరి గట్టున ఉన్న ఒక పట్టణంలో సైన్సు ఉపాధ్యాయులకు శిక్షణ తరగతులు జరిగినవి. హెచ్.ఐ.వి.ని గురించి చెప్పే పని నాకు అప్పగించారు. కళాశాలలో ఏటేటా చెప్పే పాఠమే అక్కడా చెప్పాను. పాఠం ముగిసిన పిమ్మట, కోనసీమ నుంచి వచ్చిన ఒక ఉపాధ్యాయిని లేచి ఇలా అడిగారు: "మాస్టారూ, ఇది రక్తంలో ఉండే జబ్బు అన్నారు. రక్తంలోని కణాలు తగ్గిపోతవన్నారు. మరి మందులు రాని రోజుల్లో మా ఊళ్ళో ఈ జబ్బుతో పోయినవాళ్ళు చాలామంది విరేచనాలు కట్టక, తిన్నది ఒంటబట్టక, చిక్కి శల్యమై పోయారు. రక్తంలో జబ్బుకు కడుపుతో పనేమిటండీ?"

నిరోధకశక్తి తగ్గినప్పుడు ఇతర సూక్ష్మజీవులు ప్రేవుల్లో చేరుతవనీ, అందువల్ల విరేచనాలు పట్టుకొంటవనీ సమాధానం చెప్పాను. అది అబద్ధం కాదు, కాని సగం సమాధానమే. మిగిలిన సగం చెప్పలేకపోవడానికి కారణం నా పాఠంలోనే ఉన్నది. ఆ పాఠం నా ఒక్కడిది కాదు. కొద్ది మార్పులతో మన తరగతి గదుల్లోనూ, గోడపత్రాల మీదా, ప్రచార సభల్లోనూ వినిపించే పాఠమే. దానినే ఇక్కడ విమర్శకు పెడుతున్నాను.

పాఠంలోని చిత్రం

ఆ పాఠం అందరూ ఎరిగినదే. శరీరం ఒక కోట. రక్తంలోని తెల్లకణాలు సైనికులు. అందులో సీడీ-4 అనే కణాలు సేనానులు. హెచ్.ఐ.వి. రక్తంలో ప్రవేశించి ఆ సేనానులను ఒక్కొక్కరినే చంపుతూ వస్తుంది. ఎనిమిది పదేళ్ళకు వారి సంఖ్య బాగా పడిపోతుంది. అప్పుడు క్షయవంటి జబ్బులు కోటలో జొరబడతవి. అదే ఎయిడ్స్.

ఈ పాఠం చేసిన మేలును ముందుగా ఒప్పుకోవాలి. మన దేశంలో ఈ వ్యాధి జాడ మొదటిసారి తెలిసినది 1986లో, మద్రాసులో. డాక్టర్ సునీతి సోలోమన్, ఆమె శిష్యురాలు సెల్లప్పన్ నిర్మల కలిసి రక్తపరీక్షల్లో దానిని బయటపెట్టారు. తరువాతి కాలంలో ఆంధ్రప్రదేశ్ ఈ వ్యాధి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల జాబితాలో చేరింది. మన కోస్తా జిల్లాలు ఆ బరువు మోసినవి. ఆ రోజుల్లో అక్షరం రానివానికి కూడా విషయం తెలియజెప్పవలసి వచ్చింది. కోట, సైనికుడు, శత్రువు అంటే ఎవరికైనా అర్థమవుతుంది. రక్తం ద్వారా, లైంగిక సంపర్కం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు వ్యాపిస్తుందన్న అసలు సంగతి ఈ చిత్రం వల్లనే ఇంటింటికీ చేరింది.

ఐతే ఒక చిత్రం మేలు చేసింది కదా అని అందులోని తప్పులు ఒప్పులు కావు. ఈ పాఠం మూడు మాటలను రుజువైనట్లుగా మన మనస్సులో నాటుతున్నది. యుద్ధమంతా రక్తంలోనే జరుగుతున్నదని ఒకటి. నష్టం మెల్లగా, ఏళ్ళ తరబడి జరుగుతుందని రెండవది. రక్తంలోని సీడీ-4 సంఖ్యను చూస్తే రోగి స్థితి యావత్తూ తెలిసిపోతుందని మూడవది. ఈ మూడింటినీ వరుసగా పరీక్షించుదాము.

లోపొర సంగతి

రక్తంలో ఉన్నవి మన శరీరంలోని మొత్తం లింఫోసైట్లలో నూటికి రెండు వంతులు మాత్రమే. తక్కినవి లింఫు గ్రంథుల్లోను, ప్లీహంలోను, ఎముకల మజ్జలోను, ప్రేవుల గోడలోను కాపురముంటవి. రక్తం వాటికి బాట వంటిది. బాట మీద కనిపించే మనుషులను లెక్కించి ఊరి జనాభా ఇంత అని చెప్పడం ఎట్లాంటిదో, రక్తాన్ని మాత్రమే చూచి నిరోధకశక్తిని కొలవడం కొంతవరకు అట్లాంటిదే.

ఇక ప్రేవులను చూడండి. చిన్న ప్రేవు లోపలి గోడ నిండా వెలగపండు నూగువలె ఆంత్రచూషకాలు మొలిచి ఉంటవి. వాటిని కప్పి ఉన్నది ఒకే ఒక వరుస కణాలు. ఆ ఒక్క వరుసకు ఇవతల మనం తిన్న అన్నం, కోటానుకోట్ల సూక్ష్మజీవులు. అవతల మన రక్తం. నాలుగైదు రోజులకొకసారి ఆ వరుస రాలిపోయి క్రొత్తది వస్తుంది. అన్నసారాన్ని లోపలికి రానివ్వాలి, సూక్ష్మజీవులను రానివ్వరాదు. ఇంత సున్నితమైన పని కావడం వల్లనే ఆ వరుస అడుగున నిరోధక కణాలు గుంపులు గుంపులుగా కాపలా ఉంటవి.

ఈ లోపొర చెడితే మనిషి ఏమవుతాడో మన గోదావరి సీమకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులిద్దరు స్ప్రూ అనే సంగ్రహణి వ్యాధితో మరణించారు. ఆయన కూడా దానితో బాధపడి బయటపడ్డారు. తరువాత ఆయన అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన పరిశోధనల వల్ల 1940ల నడుమ ఫోలిక్ ఆమ్లం చేతికి వచ్చింది. స్ప్రూ రోగులకు అది మేలు చేసింది. స్ప్రూలో ఆంత్రచూషకాలు కురచబడిపోతవి, తిన్నది ఒంటబట్టదు. కారణం వేరైనా, హెచ్.ఐ.వి. సోకినవారి ప్రేవుల్లో కూడా ఇటువంటి మార్పులే కనిపించినవి. 1984లోనే డొనాల్డ్ కోట్లర్, ఆయన సహచరులు ఎయిడ్స్ రోగుల ప్రేవు ముక్కలను పరీక్షించి, వేరే క్రిమి ఏదీ కనబడనప్పుడు కూడా లోపొర దెబ్బ తిని ఉన్నదని వ్రాశారు. మరుసటి ఏడు, 1985లో, ఉగాండా వైద్యులు తమ గ్రామాల్లో జనం "స్లిమ్" అని పిలిచే వ్యాధిని వర్ణించారు. స్లిమ్ అంటే సన్నబడడం. అక్కడి పల్లె ప్రజలు ఈ రోగాన్ని రక్తాన్ని బట్టి గుర్తించలేదు. కడుపును, కృశించిన ఒంటిని బట్టి గుర్తించారు. మన కోనసీమ ఉపాధ్యాయిని గమనించినదీ అదే.

నెలలు కాదు, రోజులు

రెండవ మాటకు వస్తాము. నష్టం మెల్లగా జరుగుతుందన్నది నిజమేనా?

1998లో రోనాల్డ్ వీజీ, ఆండ్రూ లాక్నర్ ప్రభృతులు రీసస్ కోతులకు హెచ్.ఐ.వి. బంధువైన ఎస్.ఐ.వి.ని ఎక్కించి, రక్తాన్ని, ప్రేవులను విడివిడిగా పరీక్షించారు. రక్తంలో చెప్పుకోదగిన మార్పు కనిపించక ముందే, కొద్ది వారాల లోపునే, ప్రేవుల్లోని సీడీ-4 కణాలు చాలా భాగం మాయమైనవి. 2003లో కాలిఫోర్నియాలో సత్యా దండేకర్ బృందం, 2004లో మరి రెండు బృందాలు మనుషుల్లో కూడా ఇదే జరుగుతున్నదని చూపించినవి. 2005 ఏప్రిల్‌లో 'నేచర్' పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసాలు ప్రకటించింది. ఒకదానిలో జోసెఫ్ మట్టపల్లిల్, ఆయన సహచరులు కోతుల శరీరమంతటా ఉన్న అనుభవజ్ఞులైన సీడీ-4 కణాల్లో, అనగా ఇదివరకే ఏదో ఒక సూక్ష్మజీవిని ఎదుర్కొన్న వాటిలో, నూటికి 30 నుంచి 60 దాకా వైరస్ సోకినదనీ, అందులో చాలా భాగం నాలుగు రోజుల్లోనే నశించినదనీ లెక్కగట్టారు. రెండవదానిలో వైరస్ సోకని ఇరుగుపొరుగు కణాలు కూడా ఆత్మహత్య చేసుకొంటున్నవని తేలింది. ఎట్లా చచ్చినవన్న విషయంలో రెండు వ్యాసాలకూ పొత్తు కుదరలేదు. ఎంత త్వరగా చచ్చినవన్న విషయంలో కుదిరింది.

ప్రేవులనే ఎందుకు పట్టుకొంటుంది? వైరస్ కణంలో దూరడానికి సీడీ-4 అనే తలుపు ఒక్కటే చాలదు; సీసీఆర్-5 అనే రెండవ గడియ కూడా ఉండాలి. రక్తంలోని చాలా సీడీ-4 కణాలకు ఆ రెండవది ఉండదు. ప్రేవుల్లోని కణాలు నిత్యం సూక్ష్మజీవుల ఎదుట మెలుకువగా ఉండేవి కనుక వాటిలో చాలావాటికి అది ఉంటుంది. కాపలాకు సిద్ధంగా ఉండడమే వాటికి ముప్పయినది.

కాబట్టి పదేళ్ళ నెమ్మది యుద్ధం అన్న చిత్రం సరికాదు. పెద్ద దెబ్బ మొదటి వారాల్లోనే, మనిషికి మామూలు జ్వరం వచ్చిపోయినట్లు తోచే రోజుల్లోనే తగులుతుంది. ఆ తరువాతి ఏళ్ళు దాని పర్యవసానాలు.

గట్టుకు పుట్టిన ఊటలు

ఇక్కడ కోట ఉపమానం కన్నా మన ఏటిగట్టు ఉపమానం బాగా పనిచేస్తుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులకు మించి గోదావరి వచ్చిన సంగతి పెద్దలకు గుర్తున్నది. వరద రోజుల్లో గట్టు ఒక్కసారిగా కూలదు. ముందు ఎక్కడో చిన్న ఊట పుడుతుంది. కాపలా మనుషులు రాత్రింబగళ్ళు తిరుగుతూ ఊట కనిపించిన చోటల్లా ఇసుక బస్తాలు వేస్తారు. కాపలా మనుషులే లేకపోతే గట్టు ఎంత గట్టిదైనా ఫలితం ఏమిటో మనకు తెలుసు.

ప్రేవు గోడకు అట్టి కాపలాదారులు టీహెచ్-17 అనే ఒక తరగతి సీడీ-4 కణాలు. ఇవి విడుదల చేసే రసాయన సందేశాల వల్ల లోపొర కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కొని ఉంటవి. చినిగిన చోట త్వరగా పూడుతుంది. సూక్ష్మజీవులను చంపే పదార్థాలు ఊరుతవి. హెచ్.ఐ.వి. వల్ల ఎక్కువగా నష్టపోయే వాటిలో ఇవి ఉన్నవి. అవి పోగా లోపొరలో ఊటలు పుడతవి. ప్రేవుల్లోని బాక్టీరియాల తునకలు రక్తంలోకి జారుతవి. 2006లో జేసన్ బ్రెంచ్లీ, డానియెల్ డూయెక్ ప్రభృతులు హెచ్.ఐ.వి. సోకినవారి రక్తంలో బాక్టీరియా పైపొరకు చెందిన లైపోపాలీసాకరైడ్ అనే పదార్థం ఎక్కువగా ఉన్నదనీ, అది ఎక్కువైన కొద్దీ నిరోధక వ్యవస్థ ఉద్రేకం కూడా ఎక్కువగా ఉన్నదనీ చూపారు.

ఈ ఉద్రేకమే వ్యాధిని నడిపే ఇరుసు. ఉద్రేకం పొందిన కణాలు వైరస్‌కు ఇంకా సులభంగా చిక్కుతవి. అవి చచ్చిన కొద్దీ ఊటలు పెరుగుతవి. ఊటలు పెరిగిన కొద్దీ ఉద్రేకం పెరుగుతుంది. మరణం సైనికులు తరిగిపోవడం వల్ల మాత్రమే కాదు. ఎడతెరపి లేని గందరగోళంలో సైన్యం తనకు తానే అలసిపోవడం వల్ల కూడా వస్తుంది.

క్రొత్త కథలోనూ లోపాలున్నవి

పాత పాఠాన్ని విమర్శించి క్రొత్త కథను కళ్ళు మూసుకొని నమ్మడం విమర్శ కాదు. ప్రేవుల కథలో కూడా అతిశయోక్తులు చేరినవి.

మొదటిది అంకెల సంగతి. శరీరంలోని లింఫోసైట్లలో నూటికి 60, 70 వంతులు ప్రేవుల్లోనే ఉన్నవని చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. 2007లో గనుసోవ్, డి బోయర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పాత కొలతలను ఒక్కొక్కటే తిరగవేసి, ఆ అంకెకు గట్టి ఆధారం లేదనీ, 5 నుంచి 20 వంతులకు మించకపోవచ్చుననీ తేల్చారు. ప్రేవుల ప్రాముఖ్యం తగ్గలేదు, అంకె తగ్గింది. మనం పాఠంలో పాత అంకెను తీసివేయడమే మంచిది.

రెండవది కార్యకారణ సంబంధం. పడమటి ఆఫ్రికా అడవుల్లో సూటీ మాంగబే అనే కోతులున్నవి. వాటికి ఎస్.ఐ.వి. సహజంగానే సోకి జన్మాంతం ఉంటుంది. వాటి ప్రేవుల్లో కూడా సీడీ-4 కణాలు తగ్గిపోతవి. ఐనా వాటికి ఎయిడ్స్ రావడం అరుదు. కారణం వెదికితే, వాటి టీహెచ్-17 కణాలు నిలిచే ఉన్నవి. లోపొర కారడం లేదు. ఉద్రేకం మొదటి రోజుల తరువాత చల్లారిపోతున్నది. అంటే కణాలు తగ్గడం ఒక్కటే జబ్బు కాదు. ఏ కణాలు తగ్గినవి, గోడ నిలిచినదా లేదా, మంట ఆరినదా లేదా అన్నవి అసలు ప్రశ్నలు. ఈ కోతులు పాత పాఠంలోని లెక్కల పిచ్చినీ, క్రొత్త కథలోని తొందరపాటునూ ఒకేసారి సరిదిద్దుతున్నవి.

మూడవది ఒక ఆశ, దాని భంగం. నిరోధక కణాలను ప్రేవుల వైపు నడిపించే ఆల్ఫా-4 బీటా-7 అనే గుర్తును అడ్డగిస్తే వైరస్ అదుపులో ఉంటుందేమో అన్న ఆలోచన వచ్చింది. 2016లో 'సైన్స్' పత్రికలో సిద్దప్ప బైరారెడ్డి, అఫ్తాబ్ అన్సారీ ప్రభృతులు కోతుల మీద ఆశ్చర్యకరమైన ఫలితాలను ప్రకటించారు: మందులు ఆపినా వైరస్ తిరిగి చెలరేగలేదు. లోకమంతా సంతోషించింది. 2019లో అదే పత్రికలో వేర్వేరు ప్రయోగశాలలు ఆ ప్రయోగాన్ని తిరిగి చేసి చూచి, ఆ ఫలితం తమకు రాలేదని వ్రాసినవి. మనుషుల మీద చేసిన పరీక్ష కూడా ఆశాజనకంగా లేదు. దీనిని విద్యార్థులకు తప్పక చెప్పాలి. ఒకరికి వచ్చిన ఫలితం పదిమందికి వచ్చినప్పుడే శాస్త్రమవుతుంది. "ప్రేవులకు బలం" అని సీసాలు అమ్మి హెచ్.ఐ.వి. నయమవుతుందనే వారి మాటకు ఇదే జవాబు. చక్కగా పరీక్షించిన ఉపాయమే నిలవనప్పుడు, పరీక్షే లేని మందును ఎట్లా నమ్మడం?

పాఠం మారితే ఏమి మారుతుంది?

మూడవ మాట మిగిలింది: సీడీ-4 సంఖ్య. మన దేశంలో ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1వ తేదీన ఉచితంగా ఏ.ఆర్.టి. మందులు ఇవ్వడం ప్రారంభించింది. అప్పట్లో ఆ సంఖ్య ఒక హద్దుకు దిగువకు పడిపోయినవారికే ప్రధానంగా మందులు దక్కేవి. మందులు కొద్ది, రోగులు ఎక్కువ అయిన రోజులవి. తప్పు పట్టవలసిన పని లేదు. కాని "సంఖ్య బాగున్నది, ఇంకా మందులెందుకు" అన్న అభిప్రాయం అక్కడినుంచే జనంలో పాతుకుపోయింది. 35 దేశాల్లో 4,685 మందిపై జరిగిన 'స్టార్ట్' అనే పరిశోధన ఫలితాలు 2015లో వెలువడినవి. సంఖ్య 500 పైన ఉన్నప్పుడే మందులు ప్రారంభించినవారిలో, ఆగి ప్రారంభించినవారి కన్నా తీవ్రమైన జబ్బులు, మరణాలు నూటికి 57 వంతులు తగ్గినవి. 2017 నుంచి మన దేశంలో కూడా సంఖ్యతో నిమిత్తం లేకుండా సోకినవారందరికీ మందులు ఇస్తున్నారు.

రక్తం మాత్రమే కనిపించే పాఠం విన్న విద్యార్థికి ఈ మార్పు అర్థం కాదు. బాగున్నవానికి మందెందుకని అడుగుతాడు. ప్రేవుల సంగతి తెలిసినవానికి అడగవలసిన పని ఉండదు. మందు వాడితే రక్తంలోని కణాలు త్వరగానే కోలుకొంటవి. ప్రేవుల్లోనివి నెమ్మదిగా కోలుకొంటవి. ఆలస్యంగా మొదలుపెట్టినవారిలో చాలాసార్లు పూర్తిగా కోలుకోవు. ఆ మిగిలిన మంట ఏళ్ళ తరువాత గుండె జబ్బులకు కూడా దోహదం చేస్తుందని తెలుస్తున్నది. కనుక సంఖ్య పెరిగిందని మందు మానడం, వరద తీసిందని గట్టు కాపలా ఎత్తివేయడం వంటిది. ఐతే ఉపమానం ఇంతవరకే. ఏటిగట్టు వరద పోయినప్పుడు ఊపిరి పీల్చుకొంటుంది. ఈ వైరస్ మాత్రం మందు ఉన్నంతకాలం నక్కి ఉండి, మందు ఆగిన కొద్ది వారాలకే మళ్ళీ లేస్తుంది.

ఉపాధ్యాయులకు ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ప్రేవుల్లో వైరస్ ఉన్నదనగానే పిల్లల మనస్సు అన్నం కంచం మీదికి పోతుంది. ఈ జబ్బు ఉన్నవారికి విడిగా కంచం, విడిగా గ్లాసు పెట్టిన ఇళ్ళు మన ఊళ్ళలో ఉన్నవి. ఆ పాపంలో మన పాఠానికి కూడా కొంత భాగముంది. భయం నేర్పినంత శ్రద్ధగా విషయం నేర్పలేదు. అన్నం వల్ల గాని, ఎంగిలి వల్ల గాని, మరుగుదొడ్డి వల్ల గాని ఇది అంటదు. వైరస్ ప్రేవులను చేరేది మనం తిన్న దారిన కాదు, రక్తం దారిన. ఈ రెండు మాటలు చెప్పకుండా ప్రేవుల పాఠం మొదలుపెట్టరాదు.

ఆ కోనసీమ ఉపాధ్యాయిని మళ్ళీ కనిపిస్తే ఇప్పుడిట్లా చెబుతాను: "అమ్మా, మీరు చూచినదే సరియైనది. ఈ వైరస్ ప్రయాణం రక్తంలో; తొలి దెబ్బ మాత్రం కడుపులో. మీ ఊరివాళ్ళు చివర పడ్డ విరేచనాల బాధకు మూలం ఎన్నో ఏళ్ళ ముందు, వారికి జబ్బున్నదని ఎవరికీ తెలియని వారాల్లోనే పడింది. అందుకనే తెలిసిన రోజునే మందు మొదలుపెట్టాలి." ఈ నాలుగు మాటలు పాఠంలో చేరితే చాలు. కోట, సైనికుల బొమ్మను గోడ మీద నుంచి తీసివేయనక్కరలేదు. దాని ప్రక్కన ప్రేవు లోపొర బొమ్మ ఒకటి గీసి, రెంటినీ పోల్చి చూడమని విద్యార్థులనే అడగవచ్చును.